నూనూగు మీసాల వయసులో మగపిల్లలు ఏం చదివారు?

పన్నెండేళ్ల వరకూ మగపిల్లాడికి పుస్తకం కొనడం తేలికే. బొమ్మలుండి, నక్కో కోతో మాట్లాడితే చాలు. ఇరవై దాటాక వాడికి కావలసింది వాడే వెతుక్కుంటాడు. ఇబ్బందంతా మధ్యలో ఉన్న ఆ ఏడెనిమిదేళ్లదే. గొంతు బొంగురుపోయి, మూతి మీద నూనూగు మీసం కనబడే వేళకి ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ వాడి కళ్లకి "చిన్నపిల్లలవి" అయిపోతాయి. పెద్దవాళ్ల పుస్తకాలు ఇంకా అందవు. ఆడపిల్లలు ఎలాగో ఒకలా ఈ వంతెన దాటేస్తారు. అమ్మ చదివే వారపత్రికలోకి తొంగి చూస్తారు, స్నేహితురాలి దగ్గర నవల అడుగుతారు. మగపిల్లాడు మాత్రం ఇవతలి గట్టునే ఆగిపోయి, ఫోను తీసుకుని కూర్చుంటాడు.

పుస్తకాల షాపులో అడిగి చూడండి. ఒక పక్క పంచతంత్రం, తెనాలి రామకృష్ణ, పరమానందయ్య శిష్యులు. ఇంకో పక్క ఎప్‌సెట్, ఐఐటీ గైడ్లు. ఇంగ్లీషు పుస్తకాలకి "యంగ్ అడల్ట్" అని ఒక అర అంతా ఉంటుంది. తెలుగులో ఆ అరకి పేరు కూడా పెట్టుకోలేదు మనం. మా వాడికి పద్నాలుగు. ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు కానీ, చదవాలని చదవడు. ఈ మూడు నాలుగేళ్లలో వాడి చేతికి ఒక్క మంచి తెలుగు పుస్తకమైనా పడకపోతే, మా ఇంట్లో తెలుగు చదివే ఆఖరి మనిషిని నేనే అవుతాను. నా దిగులు అదీ.

అందుకే పాత సంగతులు తిరగేశాను. మన తాతలు, నాన్నలు, అన్నలు ఇదే వయసులో ఏం చదివారు? ఎవరు ఇచ్చారు? ఎవరు వద్దన్నారు? మాది మోండా మార్కెట్ చుట్టూ తిరిగే కుటుంబం. కూరలు, పూజసామాను, ఆవకాయ కాయలు అన్నీ అక్కడే. తీరా చూస్తే ఈ కథలో చాలా భాగం ఆ మార్కెట్టుకి నాలుగైదు మైళ్ల లోపలే జరిగింది.

మొదట గ్రంథాలయాలు వచ్చాయి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారి లాంటి వాళ్లు వెనక ఉన్నారు. రంగారావు గారు పోయాక ఆ గ్రంథాలయానికి సొంత భవనం ఏర్పడడానికి విరాళం ఇచ్చింది ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు. మనం తలుచుకోవలసిన పేరు అది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1905లో మన సికింద్రాబాదులోనే ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి.

అప్పటికి నిజాం రాజ్యంలో ప్రభుత్వ భాష ఉర్దూ. బడి ఉర్దూలో, కచేరీ ఉర్దూలో. సికింద్రాబాదు కంటోన్మెంటులో ఇంగ్లీషు పెత్తనం. మార్కెట్టులో బేరం మాత్రం తెలుగు. ఇలాంటి చోట ఒక కుర్రాడు తెలుగు పుస్తకం కోసం గ్రంథాలయం మెట్లెక్కడం ఊరికే కాలక్షేపం కాదు. కొంచెం ధైర్యం చేసినట్టే లెక్క. ఆ వయసు పిల్లలకి ఆ మాత్రం ఉత్సాహం చాలు.

1906లో ఇక్కడే విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది, తరవాత మద్రాసుకి వెళ్లిపోయింది. వాళ్లు వేసిన మొట్టమొదటి పుస్తకం ఏమిటనుకున్నారు? గాడిచర్ల హరిసర్వోత్తమ రావు గారు రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. రామాయణమో, శతకమో కాదు, ఎక్కడో అమెరికాలో మొద్దుల గుడిసెలో పుట్టి పెద్దవాడైన ఒక పేద కుర్రాడి కథ. చరిత్ర, సైన్సు, జీవితచరిత్రలు తెలుగువాళ్ల చేతికి అందాలన్నది వాళ్ల పట్టుదల. ఆ లింకన్ పుస్తకం రాసినాయనే 1908లో పత్రికలో తెల్లవాళ్ల మీద రాసినందుకు జైలుకి వెళ్లారు. మంచి పుస్తకం అంటే ఆ రోజుల్లో కొంచెం ప్రమాదమైన పుస్తకం కూడా. ఇప్పుడు మనం "మంచి పుస్తకం చదువు నాన్నా" అంటే పిల్లలకి ఆవులింత వస్తోంది. పుస్తకంలోంచి ప్రమాదమంతా తీసేసి ఇస్తున్నాం మరి.

ఆ తరవాత నవ్వు వచ్చింది. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టర్ పార్వతీశం మొదటి భాగం వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, ఇంగ్లండు పోయి బారిష్టరు కావాలనుకుంటాడు. వాడికి తెలిసింది తక్కువ, ధీమా ఎక్కువ. అడుగడుగునా తెల్లమొహం వేస్తాడు. పదహారేళ్ల వాడికి ఇంతకన్నా దగ్గరి మనిషి ఎవరు? తనూ అంతేగా, అన్నీ తెలిసినట్టు నడుస్తాడు, లోపల గుండె దడదడ. నూరేళ్లయినా ఆ పుస్తకం చావకపోవడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది. పార్వతీశాన్ని చూసి నవ్వుతూ కుర్రాడు తనని తాను చూసి నవ్వడం నేర్చుకుంటాడు. పక్కన కూర్చుని "చూశావా, ఇందులో నీతి ఏమిటంటే" అనేవాళ్లు ఎవరూ లేరు.

1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, మనందరి రేడియో అన్నయ్య, అక్కయ్య, మద్రాసులో "బాల" పత్రిక పెట్టారు. ఆ ఏడే అందులో "అమ్మ మాట వినకపోతే" అని ఒక కథ వచ్చింది. పేరు చూసి ఎవరో పెద్దాయన రాసిన బుద్ధులనుకుంటాం. రాసింది పద్నాలుగేళ్ల ముళ్లపూడి వెంకటరమణ! అదే ఆయన మొదటి కథ. పదేళ్లు తిరిగాక ఆయనే బుడుగుని సృష్టించారు. బుడుగు అమ్మ మాట విన్నది ఎంతో మనకి తెలుసు. ఆ వయసు పిల్లాడికి చదవడమే కాదు, రాసి ఎవరికైనా చూపించాలని కూడా ఉంటుందని, చూపించడానికి ఒక చోటు కావాలని ఆ పత్రిక గుర్తించింది. బాపు బొమ్మలకి కూడా తొలి చోటు అదే.

1947 జులైలో చందమామ వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టారు, 1952 నుంచి కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని నడిపించారు. చందమామ గురించి అందరం ఒకే మాట చెబుతాం: నీతికథలు, బేతాళ కథలు, బాల్యం. కానీ పెరిగే మగపిల్లలు మొదట తెరిచింది వేరే పేజీలు. మా నాన్నగారిని అడిగితే ఆయన ఎనభయ్యో పడిలో కూడా తడుముకోకుండా చెప్పారు: "తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ." 1954లో తోకచుక్కతో మొదలైన ఆ జానపద సీరియల్స్ రాసినాయన దాసరి సుబ్రహ్మణ్యం గారు. కింద ఆయన పేరు ఉండేది కాదు. చిత్రా గారి బొమ్మల పక్కన కథ మాత్రమే ఉండేది. రెండు మూడు తరాల పిల్లలు ఎవరు రాశారో తెలియకుండానే ఆయన అభిమానులయ్యారు. పుస్తకాలుగా అచ్చు వేయించుకుని, ఆ పేరు అందరికీ తెలిసేలా చేసింది అలా పెరిగి పెద్దవాళ్లయిన పాఠకులే.

ఆ సీరియల్స్‌లో ఏముంది? అడవి, శిథిలమైన కోట, మాంత్రికుడు, ఇద్దరు స్నేహితులు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఒకడికి కత్తి, ఒకడికి బుద్ధి. రాజుగారి ఆజ్ఞ మీద కాదు, తమకి తామే బయలుదేరతారు. వాళ్ల వెనక అమ్మ ఉండదు, మాస్టారు ఉండరు. నెలాఖరుకి ఏదో ఒక కొండ అంచున కథ ఆగిపోతుంది. మళ్లీ నెల దాకా ఎదురు చూపు. భాష చూస్తే అన్నం కలిపి పెట్టినంత మెత్తగా ఉంటుంది. కుటుంబరావు గారి చేతి నుంచి కటువైన మాట ఒక్కటీ తప్పించుకు పోయేది కాదు. మన పిల్లలకి తెలుగు కష్టమని ఇప్పుడంటున్నాం కదా, అడవిలో ఇద్దరు కుర్రాళ్లు ఏమయ్యారో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంటే కష్టమైన భాష కూడా లొంగుతుంది. ఆ ఆత్రం లేనివాడికి తేలిక భాష కూడా బరువే.

ఇక్కడ ఒక పరదేశపు ముచ్చట చెప్పాలి, ఎందుకంటే అది కూడా తెలుగు పుస్తకమైంది. 1881లో స్టీవెన్సన్ అనే స్కాట్లండ్ రచయిత ఇంట్లో వాన వల్ల బయటికి వెళ్లడానికి లేకుండా ఉన్నాడు. భార్య మొదటి పెళ్లి కొడుకు, పదమూడేళ్ల వాడు, ఇంట్లో ఉన్నాడు. వాడి కోసం ఒక దీవి పటం, దాని చుట్టూ సముద్రపు దొంగల కథ తయారయ్యాయి. కథలో ఆడవాళ్లు ఉండకూడదని వాడి షరతు! అలా పుట్టిందే ట్రెజర్ ఐలండ్. మన నండూరి రామమోహనరావు గారు దాన్ని కాంచనద్వీపం పేరుతో తెలుగు చేశారు. టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, రాజు-పేద కూడా ఆయన తెలుగు చేసినవే. ఎంత బాగా చేశారంటే, మిసిసిపీ నది గోదావరి పక్కనే ఎక్కడో ఉందనుకున్న పిల్లలున్నారు.

ఆడవాళ్లు వద్దన్న ఆ కథలో కూడా ఒక్క ఇల్లాలు మాత్రం మిగిలింది: హీరో జిమ్ వాళ్ల అమ్మ. దొంగలు తలుపు మీదికి వస్తున్న వేళ, చచ్చిపోయిన నావికుడి పెట్టె తెరిచి, తమకి రావలసిన బాకీ మాత్రమే నాణెం నాణెం లెక్కపెట్టుకుంటుంది. ఒక్కటి ఎక్కువ వద్దు, ఒక్కటి తక్కువ వద్దు. అది చదివి నేను పడీపడీ నవ్వాను. మోండాలో కొత్తిమీర కట్ట దగ్గర నిలబడే మనమేగా ఆవిడ! ఇదంతా చెప్పింది ఎందుకంటే, ఆ పుస్తకం పిల్లాడిని బాగుచేయడానికి పుట్టలేదు. వాడితో స్నేహం కుదుర్చుకోవడానికి ఒక మారుటి తండ్రి రాసుకున్నది. నూట నలభై ఏళ్లు దాటినా ఇంకా అమ్ముడవుతోంది.

ఇక పెద్దలు ఇవ్వని పుస్తకాల సంగతి. 1950ల చివరి నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు ఇళ్లలోకి వచ్చారు. ఆ వెనక మధుబాబు గారి షాడో వచ్చాడు. చీఫ్ కులకర్ణి, నవ్వించే గంగారాం. ఇవి ఇంట్లో కొనేవి కావు, అద్దెకి తెచ్చేవి. ఊరూరా, వీధి వీధికీ అద్దె పుస్తకాల షాపులుండేవి. మా చిన్నప్పుడు మోండా మార్కెట్ పక్క సందులో ఒకటి ఉండేది. గట్టిగా చూస్తే మంచమంత చోటు. డిపాజిట్టు కట్టాలి, రోజుకి ఇంత అని అద్దె. ముందు అట్ట చిరిగిపోతే గోధుమరంగు కాగితం అతికించి, పైన పెన్నుతో పేరు రాసేవాడు షాపాయన. ఆఖరి పేజీ చింపుకుపోయిన మహానుభావులని తిడుతూ లోపల ఎవరో రాసిన రాతలు కూడా ఉండేవి.

ఆ పుస్తకాలు ఇంటికి ఎలా వచ్చేవో గుర్తు చేసుకోండి. ఆదివారం కూరలకి వెళుతూ అమ్మ అన్నయ్యని సంచి మొయ్యడానికి తీసుకెళ్లేది. వాడు ససేమిరా అనేవాడు కాదు. ఎందుకంటే తిరుగుదారిలో అద్దె షాపు దగ్గర ఆగుతారు. అమ్మకి యద్దనపూడి సులోచనారాణి గారిదో మాదిరెడ్డి సులోచన గారిదో ఒకటి, అన్నయ్యకి ఒక షాడో. ఖాతా అమ్మ పేరు మీద, డబ్బులు కూరల డబ్బుల్లోంచి. తోటకూర కింద షాడో పడుకుని ఇంటికొచ్చేవాడు. నాన్నగారు చూస్తే "చదువు మానేసి ఈ చెత్తేమిట్రా" అంటారని అమ్మే దాన్ని తన నవల కింద పెట్టేది. మా ఇంట్లో మగపిల్లాడికి పుస్తకం ఎన్నిక చేసింది ఏ కమిటీ కాదు, ఆ అద్దె పుస్తకం, ఆ కూరల సంచి, చూసీ చూడనట్టున్న అమ్మ.

అప్పట్లో ఇళ్లలో ఉన్న భయం ఇప్పటి ఫోను భయం లాంటిదే. హత్యలు, తుపాకులు చదివి పిల్లాడు పాడైపోతాడని. పాడైనవాళ్లు ఎవరో నాకు తెలియదు కానీ, మా అన్నయ్య షాడోతో మొదలెట్టి పుస్తకం అయిపోయే దాకా లేవని అలవాటు చేసుకున్నాడు. ఆ అలవాటు మీదే తరవాత బరువైన పుస్తకాలు కూడా నిలబడ్డాయి.

పేర్ల గురించి ఒక తమాషా ఉంది. అమెరికాలో 1967లో ఎస్.ఇ. హింటన్ అనే అమ్మాయి తన పదిహేనో ఏట మొదలుపెట్టిన ది అవుట్‌సైడర్స్ అచ్చయింది. యంగ్ అడల్ట్ పుస్తకాలకి అదే నాంది అంటారు. ఆడపిల్ల రాసిందంటే మగవాళ్లు చిన్నచూపు చూస్తారని ప్రచురణకర్తలు పూర్తి పేరు బదులు పొడి అక్షరాలు వేయించారు. ముప్ఫై ఏళ్ల తరవాత, 1997లో హ్యారీ పాటర్ వచ్చినప్పుడు జె.కె. రౌలింగ్‌కీ అదే జరిగింది. మన దగ్గర చూడండి, సరిగ్గా తలకిందులు! వారపత్రికలు ఆడవాళ్ల చదువు మీదే నడిచిన రోజుల్లో మగవాళ్లే ఆడపేర్లు పెట్టుకున్నారు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో "ఇల్లాలి ముచ్చట్లు" రాసిన పురాణం సీత ఎవరో కాదు, పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు. మన తెలుగు ఇళ్లలో చదువరి అంటే ఇల్లాలే. పత్రిక ఆవిడ కోసం వచ్చేది. మగపిల్లలు ఆవిడ చదివి పక్కన పెట్టాక అందుకునేవాళ్లు. 1980ల మొదట్లో సికింద్రాబాదు సరోజినీదేవి రోడ్డు నుంచి వెలువడే ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం సీరియల్‌గా వస్తున్నప్పుడు, వారం వారం దాని కోసం ఇంట్లో తల్లీ కొడుకుల మధ్య కీచులాటే. రాత్రి పెరట్లోకి పోవాలంటే ఇద్దరికీ భయమే.

అదే కాలంలో విశాలాంధ్ర వాళ్ల ద్వారా రష్యా పుస్తకాలు వచ్చేవి. దళసరి కాగితం, గట్టి అట్ట, చవక ధర. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి గార్ల లాంటి వాళ్లు మాస్కోలో కూర్చుని అనువాదాలు చేసేవారు. చిన్నవాళ్లకి నొప్పి డాక్టరు ఉంటే, పెద్ద తరగతుల మగపిల్లలకి పెరెల్మాన్ భౌతికశాస్త్రం ఉండేది. పెరెల్మాన్ ఫార్ములాలతో మొదలుపెట్టడు. జూల్స్ వెర్న్ నవలలో చంద్రుడి మీదికి తుపాకిలో గుండులా మనుషుల్ని పంపితే లోపల వాళ్లేమవుతారు అని అడుగుతాడు. కథలో తప్పు పట్టుకునే సరదా చూపించి లెక్కలోకి దించుతాడు. ఇదే పని తెలుగులో నండూరి గారు నరావతారం, విశ్వరూపం పుస్తకాల్లో చేశారు. మనిషి ఎలా పుట్టాడు, విశ్వం ఎంత పెద్దది అని ఒక పెద్దన్న డాబా మీద పడుకుని నక్షత్రాలు చూపిస్తూ చెప్పినట్టుంటుంది.

1991లో సోవియట్ రష్యా పోయింది, ఆ పుస్తకాల రాకా పోయింది. కేబుల్ టీవీ వచ్చింది, అద్దె షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అంతకన్నా పెద్ద మార్పు మన ఆలోచనల్లో వచ్చింది. ఎంసెట్టు కోచింగులు, రెసిడెన్షియల్ కాలేజీలు వచ్చాక పదో తరగతి మగపిల్లాడి చేతిలో పాఠ్యపుస్తకం కానిది ఏదున్నా మనకి గాభరా. బహుమతిగా ఇచ్చే పుస్తకం కూడా వాడిని గెలిపించేదై ఉండాలి. యండమూరి గారి నవలలు చదివిన తల్లులే కొడుకులకి ఆయన విజయానికి ఐదు మెట్లు కొనిపెట్టారు. 1999లో అబ్దుల్ కలాం గారి వింగ్స్ ఆఫ్ ఫైర్ మన హైదరాబాదులోని యూనివర్సిటీస్ ప్రెస్ నుంచే వచ్చింది, ఒక విజేత ఆత్మకథగా తెలుగులోకీ వచ్చింది. మంచి పుస్తకమే. నిజానికి అది మళ్లీ ఆ లింకన్ పుస్తకమే, పేదింటి కుర్రాడు పెద్దవాడైన కథ. కానీ తొంభై ఏళ్ల కిందట ఆ కథ కుర్రాడికి "నువ్వూ చేయగలవు" అని చెప్పింది. మనం ఇచ్చిన తీరులో "నువ్వూ చెయ్యాలి, లేకపోతే చూసుకో" అని వినబడుతోంది. ఈ ఒత్తిడి మీదే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు "చదువులా? చావులా?" అని ఒక పుస్తకానికి పేరు పెట్టారు. ఆ పేరు చదివిన ఏ తల్లికైనా గుండె జారుతుంది.

ఇదంతా చూశాక నాకు అర్థమైనది చెబుతాను. మగపిల్లల చేతుల్లో నిలిచిన పుస్తకాలన్నిటిలో, పెద్దలు మెచ్చినవైనా తిట్టినవైనా, మూడు కనబడతాయి. తనకన్నా నాలుగైదేళ్లు పెద్దవాడైన ఒక కుర్రాడు ఇల్లు దాటి పోవడం. ప్రాణం మీదికి వచ్చే ఏదో ఒక పని. చివర్లో ఎవరూ బుద్ధి చెప్పకపోవడం. వీటితో పాటు ఇంట్లో ఇంకోటి ఉండాలి: పుస్తకం చదివే మనిషి. నాన్న కావచ్చు, అన్న కావచ్చు. మన ఇళ్లలో ఎక్కువగా అమ్మే.

ఇప్పుడు కొనాలంటే నా లెక్క ఇదీ. అడవి, వేట ఇష్టపడే వాడికి డాక్టర్ కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు. చిన్న పుస్తకం. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన ఒంటరిగా అడవిలోకి వెళతాడు. ఇందులో కుర్రాడు లేడు, ఆ రాత్రి అడవి ఉంది. అది చాలు. జంతువులంటే ప్రాణమిచ్చే వాడికి పెద్దింటి అశోక్ కుమార్ గారి జిగిరి. ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం, భూమి వస్తుందంటే దాన్ని వదిలించుకోవాలా వద్దా అని నలిగిపోయే కథ. తెలంగాణ మాట చెవికి హాయిగా ఉంటుంది. అల్లరివాడికి నామిని గారి సినబ్బ కతలు, మహమ్మద్ ఖదీర్‌బాబు గారి దర్గామిట్ట కతలు. ఒకటి చిత్తూరు పల్లె, ఒకటి కావలి. ఆ యాసలు మన వాళ్లకి కొత్త, కానీ గట్టిగా చదివితే రెండో పేజీకే నవ్వు మొదలవుతుంది. పదహారు దాటి, లోకం మీద కోపంగా ఉన్నవాడికి ఏడు తరాలు. అలెక్స్ హేలీ రూట్స్‌ని సహవాసి గారు తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. పదిహేడేళ్ల కుంటా కింటేని బానిసగా పట్టుకుపోతారు. అక్కడి నుంచి పుస్తకం కింద పెట్టడం కష్టం. మిగిలినవాళ్లకి దాసరి గారి సీరియల్సు, నండూరి గారి అనువాదాలు ఉండనే ఉన్నాయి. వెతకడానికి దూరం కూడా పోనక్కర్లేదు. మోండా నుంచి ఆటో ఎక్కితే తార్నాకలో మంచి పుస్తకం వాళ్లున్నారు, రష్యా పుస్తకాలు మళ్లీ అచ్చు వేసినవాళ్లు. డిసెంబరులో పుస్తకాల పండగ ఎలాగూ ఉంటుంది.

కొనడం సగం పనే. తెలుగు తడబడే వాడికి పుస్తకం ఇచ్చి "చదువు" అంటే చదవడు. మొదటి ఇరవై పేజీలు మనం చదివి వినిపించాలి. నేను చిక్కుడుకాయలు వాడి ముందు పెట్టి ఈనెలు తియ్యమంటాను, నేను పుస్తకం తీస్తాను. చేతులకి పని ఉంటే వాడు వింటున్నట్టు నాకు కనబడక్కర్లేదు, వాడి గౌరవం వాడికి దక్కుతుంది. కథ మంచి పట్టులో ఉండగా "కుక్కర్ చూసొస్తా" అని లేవాలి. మన చందమామ వాళ్లు నేర్పిన విద్యే ఇది. తిరిగొచ్చేసరికి పుస్తకం జరిగి ఉందా, పేజీ మారిందా అన్నది మాత్రం అడగకండి. "ఏం అర్థమైంది" అని అసలే అడగకండి. వాడు షాడోనే కావాలంటే షాడోనే ఇవ్వండి, మీరూ ఒకటి చదవండి.

నెల రోజులైంది, మేము కేశవరెడ్డి గారి అడవిలోనే ఉన్నాం. చిక్కుడుకాయల సీజను అయిపోవస్తోంది. నిన్న మార్కెట్టుకి బయలుదేరుతుంటే మా వాడు తలెత్తకుండా "బఠాణీలు తే, ఒలవడానికి" అన్నాడు.